జాతర రోజుకూ సరిపోవాలి, ఖాళీ రోజుల్లోనూ బతకాలి: యాత్రాస్థలాల్లో మురుగునీటి ప్లాంటును పెంచుకోవడం ఎలా?

మీ ఊళ్లో ఉండేది ఎనిమిది వేల మంది. శని, ఆదివారాల్లో ఆ సంఖ్య పాతిక వేలు దాటుతుంది. ఉత్సవాలొస్తే డెబ్బై వేలు. మురుగునీటి ప్లాంటు మాత్రం ఎప్పుడో ఊరి జనాభా లెక్కన కట్టిందే. పండుగ మూడు రోజులూ నల్లటి నీళ్లు వాగులో కలుస్తాయి, పేపర్లో ఫోటో పడుతుంది, ఆ తర్వాత మీటింగ్ పెడతారు. మీటింగులో ఎవరో ఒకరు "నాలుగింతలు పెద్ద ప్లాంటు కట్టేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. నాలుగింతల ప్లాంటు ఏడాదిలో మూడొందల రోజులు ఆకలితో ఉంటుంది. అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తీరా జనం వచ్చేసరికి అది పనిచేయదు. డబ్బు పెట్టాల్సింది నీళ్లు నిలవ ఉంచుకునే చోటు మీద, అవసరాన్ని బట్టి తెరిచి మూసుకునే చిన్న చిన్న యూనిట్ల మీద.

ఈ గైడ్ పంచాయతీ, మున్సిపాలిటీ ఇంజినీర్లకు, దేవస్థానం ఇంజినీరింగ్ విభాగం వాళ్లకు, కాంట్రాక్టరు తెచ్చిన అంచనాను చదివి నాలుగు ప్రశ్నలు అడగాలనుకునే సర్పంచులకు.

1. మీ రద్దీ ఏ రకమో తేల్చుకోండి

రద్దీలన్నీ ఒకలాంటివి కావు. వారాంతానికి పెరిగి సోమవారానికి తగ్గేది ఒక రకం. అరుణాచలంలో పౌర్ణమి గిరిప్రదక్షిణలా నెలకోసారి వచ్చేది ఇంకో రకం. శబరిమలలో మండల, మకరవిళక్కు రోజుల్లా, శ్రీశైలంలో కార్తీక మాసంలా వారాల తరబడి సాగేది మూడోది. రెండేళ్లకోసారి నాలుగు రోజులు జరిగే మేడారం జాతర, పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలు వేరే లెక్క.

మొదటి రెండింటికీ నిలవ ట్యాంకు మందు. మూడోదానికి నిజంగానే అదనపు ప్లాంటు కావాలి, ఎందుకంటే నలభై రోజుల నీళ్లను ఎవరూ దాచలేరు. నాలుగోదానికి శాశ్వత ప్లాంటు కట్టడం దండగ. కోటి మంది వచ్చే నాలుగు రోజుల కోసం చిన్న ఊళ్లో కాంక్రీటు పోస్తే మిగిలేది పాడుబడ్డ తొట్లే. అక్కడ తాత్కాలిక మరుగుదొడ్లు, వాటి కింద లీకు లేని ట్యాంకులు, తోడుకెళ్లే వాహనాలు, మలవ్యర్థాల శుద్ధి కేంద్రం సరైన దారి. గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి కాబట్టి నది ఒడ్డున ఉన్న పంచాయతీలు ఈ తేడాను ఇప్పుడే చూసుకోవడం మంచిది.

2. తలలు లెక్కపెట్టండి, నీళ్లు కొలవండి

"సుమారు లక్షమంది వస్తారండీ" అనే మాట మీద డిజైన్ చేయకూడదు. ప్రసాదం అమ్మకాలు, అన్నదానం టోకెన్లు, తలనీలాల టికెట్లు, ఆర్టీసీ స్పెషల్ బస్సుల సంఖ్య, పార్కింగ్ రసీదులు, మంచినీటి పంపులు నడిచిన గంటలు, వీటన్నిటినీ రెండేళ్లవి తెప్పించుకుని తేదీల వారీగా ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. పంపు గంటలే అన్నిటికన్నా నమ్మకమైనవి.

ప్లాంటుకు వచ్చే కాలువలో 90 డిగ్రీల వి-నాచ్ పలక బిగించండి. ఇనుప రేకును వి ఆకారంలో కోయించి, దానికి కాస్త ఎగువన స్కేలు పెడితే చాలు. వి అడుగు కొన నుంచి నీటిమట్టం 10 సెంటీమీటర్లుంటే సెకనుకు దాదాపు 4.4 లీటర్లు, 15 ఉంటే 12 లీటర్లు, 20 ఉంటే 25 లీటర్లు. సెకనుకు 11.6 లీటర్లంటే రోజుకు పది లక్షల లీటర్లు, అంటే 1 ఎంఎల్‌డీ. మామూలు రోజు, శనివారం, పండుగ రోజు గంటగంటకూ ఈ మట్టం రాయించండి. పెద్ద వర్షం పడ్డ రోజు కూడా కొలవండి. ఆ రోజు మట్టం ఎగిరిందంటే వాననీళ్లు డ్రైనేజీలో కలుస్తున్నాయన్నమాట. ముందు అది సరిచేస్తే ప్లాంటు పెంచే ఖర్చు కొంత తగ్గుతుంది.

ఇక లెక్క. ఊళ్లో ఉండే మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగు అనుకుంటే 108 లీటర్లు. గదుల్లో దిగే వాళ్లకు పడకకు 180 లీటర్లు, అందులో మురుగు 144. వచ్చి స్నానం చేసి, దర్శనం చేసుకుని వెళ్లిపోయే వాళ్లకు 45 లీటర్లు, అందులో మురుగు 36. ఇవి మన దేశంలో డిజైన్లకు వాడే అంకెలే. పైన చెప్పిన ఊరికి వేసి చూద్దాం:

మామూలు రోజు: ఊరివాళ్లు 8,000, బస చేసేవాళ్లు 600, వచ్చిపోయేవాళ్లు 2,000. మురుగు దాదాపు 1.02 ఎంఎల్‌డీ.
శని, ఆదివారాలు: 8,000, 3,000, 15,000. మురుగు 1.84 ఎంఎల్‌డీ.
పండుగ రోజు: 8,000, 6,000, 60,000. మురుగు 3.89 ఎంఎల్‌డీ.

జనం ఏడింతలైనా నీళ్లు నాలుగింతలకు మించలేదు. అలాగని మురిసిపోవద్దు. వచ్చిపోయేవాళ్లు వాడే నీళ్లు తక్కువ, మరుగుదొడ్డి వాడకం మాత్రం తప్పదు. మురికి బరువును బీవోడీతో, అంటే దాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్‌తో కొలుస్తారు. మనిషికి రోజుకు 27 గ్రాముల బీవోడీ చొప్పున, వచ్చిపోయేవాళ్లకు అందులో సగం వేసుకుంటే మామూలు రోజున 259 కిలోలు, పండుగ రోజున 1,188 కిలోలు. అంటే నాలుగున్నర రెట్లు పైనే. మూత్రం వాటా ఎక్కువ కాబట్టి అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. అన్నదానం వంటశాల ఇందులో కలపలేదు. ప్లాంటు దెబ్బతినేది నీళ్ల పరిమాణం కన్నా ఈ బరువు వల్లనే.

3. కాలువలోకి రాకుండా ఆపగలిగినవి ఆపండి

ఈ పని చవక, పైగా ఫలితం వెంటనే కనిపిస్తుంది. అయినా అంచనాల్లో దీనికి ఒక్క పేజీ కూడా ఉండదు.

ముందు జుట్టు. కల్యాణకట్ట నుంచి వచ్చే కాలువలో సన్నటి జాలీ లేకపోతే వెంట్రుకలు పంపు ఇంపెల్లర్లకు తాడులా చుట్టుకుంటాయి. ఎంబీబీఆర్ ట్యాంకుల్లో మీడియా (బ్యాక్టీరియా పొర పట్టే ప్లాస్టిక్ ముక్కలు) బయటికి పోకుండా పెట్టే జాలీలు మూసుకుపోతాయి. కల్యాణకట్ట దగ్గరే ఒకదాని వెనక ఒకటిగా రెండు జాలీలు పెట్టి, రద్దీ రోజుల్లో గంటకోసారి శుభ్రం చేసే మనిషిని పెట్టండి. ప్లాంటు ముఖద్వారంలో 6 మిల్లీమీటర్ల ఫైన్ స్క్రీన్ తప్పనిసరి.

తర్వాత నూనె. అన్నదాన సత్రానికి, హోటళ్లకు గ్రీజు ట్రాప్ పెట్టించడం ఒక ఎత్తు, అది తీయించడం ఇంకో ఎత్తు. సగం నిండాక అది ట్రాప్ కాదు, ఉత్త తొట్టి. గంజి, సాంబారు మిగుళ్లు బకెట్లతో కాలువలో కుమ్మరించే అలవాటు మాన్పించండి. ఒక పెద్ద గుండిగెడు సాంబారు బరువు కొన్ని వందల మంది మురుగుతో సమానం.

పూలు, కొబ్బరి పీచు, టెంకాయ చిప్పలు స్క్రీన్ దగ్గర ఆగుతాయి, అవి తిప్పలు పెడతాయి గానీ ప్రమాదం చేయవు. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ మాత్రం అలా కాదు. పండుగ ముందురోజు సత్రాలన్నీ ఒకేసారి మరుగుదొడ్లు కడుగుతాయి. సరిగ్గా మీ బ్యాక్టీరియా బలంగా ఉండాల్సిన రోజే దాని మీద విషం పడుతుంది. శుభ్రం చేసే పనులను వారం మీద విడగొట్టి, సత్రాల మేనేజర్లకు తేదీలు రాసివ్వండి. స్నానఘట్టాల నీళ్లను ఈ లైన్లో కలపకండి. ఆ నీళ్లలో బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. వాటికి వేరే వడపోత చాలు.

4. ఎంత కట్టాలి?

మన ఊరికి వారం మొత్తం మురుగు: ఐదు రోజులు 1.02, రెండు రోజులు 1.84, కలిపి 8.78. ఏడుతో భాగిస్తే రోజుకు పావు తక్కువ ఒకటిన్నర. కాబట్టి 1.5 ఎంఎల్‌డీ ప్లాంటు కట్టి, దాని ముందు ఈక్వలైజేషన్ ట్యాంకు (ఎక్కువ వచ్చిన నీళ్లను నిలవ ఉంచి సమంగా పంపేది) పెడితే వారాంతం గడుస్తుంది. శని, ఆదివారాల్లో మిగిలే నీళ్లు రెండు రోజులకూ కలిపి 680 కిలోలీటర్లు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు వచ్చే తాకిడికి కూడా చోటు చూసుకుంటే వెయ్యి కిలోలీటర్ల ట్యాంకు సరిపోతుంది. ఆ ట్యాంకులో గాలి ఆడాలి. కదలని మురుగు కొన్ని గంటల్లోనే కుళ్లి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఆ వాయువు కాంక్రీటునూ తినేస్తుంది, మనుషులనూ చంపుతుంది.

ఈ 1.5ను ఒకే ట్యాంకుగా కట్టొద్దు. 0.5 చొప్పున మూడు లైన్లు చేయండి. మామూలు రోజుల్లో రెండు, వారాంతంలోనూ ఆ తర్వాత ఈక్వలైజేషన్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకానూ మూడు. పాత ప్లాంటు 1 ఎంఎల్‌డీది ఉంటే దాని ఏరేషన్ (గాలి పట్టించే) ట్యాంకుకు మధ్యలో గోడ కట్టి రెండు లైన్లు చేసుకోవచ్చు, కొత్తగా కట్టాల్సింది ఒక్కటే. వరుస ముఖ్యం: ముందు ఈక్వలైజేషన్ ట్యాంకు, ఆ తర్వాత మూడో లైను పూర్తిచేసి నడిపించండి. అప్పుడు మాత్రమే, అదీ జనం తక్కువుండే నెలల్లో, పాత ట్యాంకు ఖాళీ చేసి గోడ మొదలుపెట్టండి. రెండు లైన్లూ లేకుండా ఊరిని ఒక్క 0.5తో నడపాల్సిన రోజులు ఉంటాయి కాబట్టి ఆ కొన్ని వారాలకు ట్యాంకర్ల ఖర్చు ముందే అంచనాలో వేయండి.

పండుగ మూడు రోజుల సంగతి. మూడు లైన్లనూ లాగి నడిపితే రోజుకు 2 ఎంఎల్‌డీ మింగుతాయి. మిగిలే 1.9 చొప్పున మూడు రోజులకు 57 లక్షల లీటర్లు ఎక్కడికో పోవాలి. మీటరున్నర లోతు చెరువు తవ్వితే 3,800 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి కాస్త తక్కువ. అడుగున ప్లాస్టిక్ షీటు పరవాలి. ఇసుక, చెత్త తీసేసిన నీళ్లు మాత్రమే లోపలికి. తేలే ఏరేటర్లు రెండు. పండుగ అయ్యాక వారానికి 17 లక్షల లీటర్ల చొప్పున ప్లాంటుకు తిరిగి పంపితే మూడున్నర వారాల్లో ఖాళీ. ఊళ్లో పాత ఆక్సిడేషన్ పాండ్లు (మురుగును నిలవ ఉంచి శుద్ధి చేసే చెరువులు) ఉంటే వాటిని పూడ్చి పార్కు చేయడానికి తొందరపడకండి, వాటికింత మంచి ఉపయోగం ఇంకోటి లేదు. స్థలమే లేని కొండ మీది ఊరైతే చెరువు బదులు నాలుగో లైను తప్పదు, ఖర్చు పెరుగుతుంది.

రెండు చోట్ల మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒకటి గాలి. అమ్మోనియా నత్రజని ఒక కిలో శుద్ధి కావడానికి 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి. చెరువుకు మళ్లించింది పోను పండుగకు ప్లాంటులోకి వెళ్లే నీళ్ల మురికి బరువు మామూలు డిజైన్ కన్నా 60 శాతం ఎక్కువుంటుంది కాబట్టి గాలి ఊదే బ్లోయర్లను ఆ మేరకు లెక్కించండి. ఒకటే పెద్దది కాకుండా చిన్నవి నాలుగు, వేగం తగ్గించుకునే వీఎఫ్‌డీతో తీసుకోండి. లేకపోతే ఖాళీ రోజుల కరెంటు బిల్లు చూసి ఎవరో ఒకరు ఆపేస్తారు. రెండోది క్లారిఫైయర్, అంటే స్లడ్జ్ (బ్యాక్టీరియా బురద) అడుగుకు పేరుకునే ట్యాంకు. రద్దీలో ముందు తెగేది ఇదే. మామూలు రోజుకు చదరపు మీటరుకు 12 ఘనపు మీటర్ల లెక్కన 125 చదరపు మీటర్లు ఇస్తే, పండుగకు 2 ఎంఎల్‌డీ వచ్చినా 16 దాటదు.

5. ఏ పద్ధతి?

ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో నింపడం, గాలి పట్టించడం, పేరనివ్వడం, తీయడం వంతులవారీగా జరిగేది) అయితే ఆ వంతుల, అంటే సైకిళ్ల సమయం మార్చుకునే వీలుంది. ఖాళీ రోజుల్లో ఆరు గంటల సైకిలు, రద్దీలో నాలుగు, అవసరమైతే మూడు. ఆటోమేషన్ చెడితే బాగుచేసే మనిషి మీ జిల్లాలో ఉన్నాడా లేదా చూసుకోండి. ఎంబీబీఆర్ తక్కువ చోటులో కుదురుతుంది, ఆటుపోట్లకు ఓర్చుకుంటుంది, కానీ చాలా రోజులు ఆకలితో ఉంటే మీడియా మీద పట్టిన పొర రాలిపోతుంది. ఎంబీఆర్ (మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా వడపోసేది) నీళ్లు అద్దంలా ఇస్తుంది గానీ ఆ పొర గుండా గంటకు ఇంతే పోతుంది, పండుగకు సాగదు. నా ఓటు మురుగుకు ఎక్కువ గంటలు గాలి పట్టించే మామూలు ఎక్స్‌టెండెడ్ ఏరేషన్‌కే. ఆపరేటర్‌కు అర్థమవుతుంది, లాగితే సాగుతుంది. కొసన ఇసుక ఫిల్టరు పెట్టుకోండి.

అనుమతుల విషయం: పెంచే పని మొదలుపెట్టే ముందు కాలుష్య నియంత్రణ మండలి నుంచి నిర్మాణ అనుమతి సీఎఫ్‌ఈ, నడిపే ముందు నిర్వహణ అనుమతి సీఎఫ్‌వో. 2017 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం మెట్రోలు కాని ఊళ్లకు బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 అడిగింది. కొత్తగా కట్టేవాళ్లు 10కే డిజైన్ చేసుకోవాలి.

6. పండుగకు ఇరవై రోజుల ముందు నుంచి

మామూలు మురికిని తినే బ్యాక్టీరియా గంటల్లో పెరుగుతుంది. అమ్మోనియాను తినేది అలా కాదు, రెట్టింపు కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏకాదశి నాడు పెంచుకుందామంటే కుదరదు.

20 రోజుల ముందు స్లడ్జ్ బయటికి తీయడం తగ్గించండి. ఏరేషన్ ట్యాంకులో ఎంఎల్ఎస్ఎస్ (లీటరు నీళ్లలో ఉన్న స్లడ్జ్, మిల్లీగ్రాముల్లో) 3,000 దగ్గరుంటే మెల్లగా 4,000 దాటనివ్వండి. రోజూ లీటరు జాడీలో ఆ ట్యాంకు నీళ్లు పోసి అరగంట పేరనివ్వండి. స్లడ్జ్ ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర ఆగిందో దాన్ని వెయ్యితో గుణించి ఎంఎల్ఎస్ఎస్‌తో భాగిస్తే ఎస్‌వీఐ. అది స్లడ్జ్ ఎంత బాగా పేరుతుందో చెప్పే అంకె. 120 లోపుంటే నిశ్చింత. 150 దాటి పెరుగుతుంటే ఇంకా కూడబెట్టకండి, పండుగ రోజు క్లారిఫైయర్ మీంచి అంతా పొర్లిపోతుంది.

మూసి ఉంచిన మూడో లైనును పూర్తిగా ఎండబెట్టొద్దు. నాలుగు గంటలకోసారి కాసేపు గాలి, రోజూ కొంచెం మురుగు ఇస్తూ, వారానికోసారి లైన్లు మార్చండి. కల్చర్ (ట్యాంకులోని బ్యాక్టీరియా) బతకడానికి బెల్లం వేయడం చాలా చోట్ల ఉంది. బెల్లంలో నత్రజని దాదాపు లేదు. మురికి తినేది బతుకుతుంది, అమ్మోనియా తినేది చస్తుంది. వేయక తప్పకపోతే కాస్త యూరియా కలపండి. పేడ వేయడం కన్నా దగ్గర్లో బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి రెండు ట్యాంకర్ల స్లడ్జ్ తెచ్చుకోవడం ఎంతో నయం. సున్నమో సోడానో సిద్ధంగా పెట్టుకోండి, అమ్మోనియా విరిగే కొద్దీ నీటిలో క్షారత తగ్గి పీహెచ్ పడిపోతుంది.

7. ఆ మూడు రోజులు

బీవోడీ పరీక్ష మీద ఆధారపడకండి. మన దగ్గర అది 27 డిగ్రీల వద్ద మూడు రోజుల పరీక్ష. ఫలితం వచ్చేసరికి భక్తులు ఇంటికి చేరి ఉంటారు. రెండు మూడు గంటల్లో తేలే సీవోడీ (మురికిని రసాయనాలతో కొలిచే పరీక్ష), అమ్మోనియా కిట్, కరిగిన ఆక్సిజన్ మీటరు, జాడీ పరీక్ష, ఇవే కళ్లూ చెవులూ. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండేలా బ్లోయర్లు పెంచుకుంటూ పోండి. ఒకటి కన్నా తగ్గి లేవకపోతే ఆలోచించకుండా నీళ్లను చెరువుకు మళ్లించండి. ఆ నిర్ణయం షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌దే అని ముందే కాగితం మీద రాసివ్వండి, రాత్రి రెండింటికి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఫోను ఎత్తేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

స్లడ్జ్ తేలిపోతుంటే ఒక ఉపాయం ఉంది. మురుగును ఏరేషన్ ట్యాంకు మొదట్లో కాకుండా చివరి భాగంలోకి వదలండి. స్లడ్జ్ ఎక్కువ భాగం ముందు భాగంలోనే ఉండిపోయి క్లారిఫైయర్ మీద భారం తగ్గుతుంది. దీనికి కట్టేటప్పుడే రెండు గేట్లు అదనంగా పెట్టించాలి, ఖర్చు తక్కువే.

జనరేటర్‌ను పండుగకు ముందే పూర్తి లోడు మీద రెండు గంటలు నడిపి చూడండి. పంపు, బ్లోయర్ బెల్టు, స్క్రీన్ మోటారు ఒక్కోటి స్పేరు ఉండాలి. పైపు పూడితే ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దించొద్దు, డబ్బులిస్తామన్నా, వాళ్లే దిగుతామన్నా సరే. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా దించడం నేరం. జెట్టింగ్ మెషీను, సక్షన్ ట్యాంకరు ఊళ్లోనే ఆగి ఉండేలా ముందుగా మాట్లాడుకోండి.

8. జనం వెళ్లాక

నడిపే కాంట్రాక్టులో పండుగ తర్వాతి నెలకు ప్రత్యేకంగా ఒక పేరా రాయించండి, మామూలుగా అందరూ మరిచిపోయేది అక్కడే. చెరువు ఖాళీ చేసే వేగం, అడుగున చేరిన బురద తీసే తేదీ, పెంచిన ఎంఎల్ఎస్ఎస్‌ను వారం పది రోజుల్లో మెల్లగా 3,000కు దించడం, మూడో లైను మళ్లీ విశ్రాంతికి వెళ్లే రోజు, ఇవన్నీ అందులో ఉండాలి. ఒక్కసారిగా స్లడ్జ్ తీసేస్తే చెరువు నుంచి వచ్చే నీళ్లను తినడానికి ఏమీ మిగలదు. ఎండబెట్టే బెడ్లు పండుగకు ముందు ఖాళీగా లేకపోతే ఈ స్లడ్జ్‌కు చోటుండదు కాబట్టి వాటిని నెల ముందే ఖాళీ చేయించాలి.

శుద్ధి అయిన నీళ్లను రోడ్లు తడపడానికి, తోటలకు, సత్రాల ఫ్లష్ ట్యాంకులకు వాడండి. స్నానఘట్టం ఎగువన మాత్రం వదలకండి. వి-నాచ్ దగ్గర రాసిన గంటల లెక్కలను టికెట్ల సంఖ్యతో జతచేసి రిజిస్టరులో అంటించి పెట్టండి. వచ్చే ఏడాది చెరువు ఎంత నిండుతుందో వాటిని బట్టే చెప్పగలరు.